ఆకాశాన్ని నలుపు చేయకుండా: అహ్మదాబాద్ కట్టడాల మధ్య నాలుగు రోజులు

కట్టడాల మూడీ ఫొటో, అంటే దిగులు పట్టినట్టుండే ఫొటో, ఇప్పుడు దాదాపు ఒకటే బొమ్మ. ఆకాశం నల్లగా ఉంటుంది. మబ్బులు దూది ఏకినట్టు ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. భవనం ఒక పక్కే వెలుగుతుంటుంది. కింద మూలలో గొడుగు పట్టుకున్న మనిషి ఒక్కడే నడిచిపోతుంటాడు. ఊరు దుబాయ్ అయినా రాటర్‌డామ్ అయినా, కింద రాసిన పేరు తీసేస్తే ఏది ఎక్కడిదో పోల్చుకోలేం. ఈ దినుసుల్లో దేన్నీ తప్పుపట్టడానికి లేదు. మొదట వాడినవాళ్లు ఒక్కోదాన్నీ ఒక్కో అవసరం కోసం తెచ్చుకున్నారు. తర్వాతివాళ్లు అన్నిటినీ కలిపి మూటగా ఎత్తుకున్నారు. చిక్కంతా ఆ మూటతోనే.

మూట విప్పి, ఏ భవనం దగ్గర ఏ దినుసు పనికొస్తుందో చూసుకోవడానికి అహ్మదాబాద్ చక్కని ఊరు. లె కార్బూజియే, లూయీ కాన్ అనే ఇద్దరు పెద్ద ఆర్కిటెక్టుల్లో మొదటాయన కాంక్రీటు, రెండో ఆయన ఇటుక, పదిహేనో శతాబ్దపు మెట్లబావి, అదే కాలపు దర్గా, అన్నీ ఆటోలో వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వెళ్లింది సంక్రాంతి వారంలో. అక్కడ ఆ పండగ ఉత్తరాయణ్, ఊరంతా గాలిపటాలు. సంచిలో ఒక కెమెరా బాడీ, 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్ (కెమెరా వంచకుండా లెన్స్‌నే పైకీ కిందికీ జరపగలిగేది), 50 ఎంఎం లెన్స్, 10 స్టాపులదీ 6 స్టాపులదీ రెండు ఎన్‌డి ఫిల్టర్లు (వెలుగుని తగ్గించే నల్ల అద్దాలు, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), ఒక ట్రైపాడ్.

జనవరి 10: ఆశ్రమ్ రోడ్డు

పొద్దున ఏడున్నరకి గానీ తెల్లారినట్టు ఉండదు. ఊరు దేశానికి పడమటి కొసన ఉండటంతో జనవరిలో సూర్యుడు 7:20కి లేస్తాడు, సరిగ్గా దక్షిణానికి వచ్చేసరికి మధ్యాహ్నం 12:48 అవుతుంది. గడియారంలో పన్నెండు చూసి నడిపొద్దనుకుంటే లెక్క ముప్పావు గంట తప్పుతుంది. ఈ రోజు పని మొత్తం ఆ ముప్పావు గంట మీదే ఆధారపడింది.

రోడ్డు పక్క బండి మీద ఫాఫ్డా వేస్తున్నారు. శనగపిండి ముద్దని చెక్కపలక మీద అరచేతి మడమతో ఒక్క తోపు తోసి, కత్తితో లేపి నూనెలో జారవిడుస్తాడు. తోడుగా పచ్చిబొప్పాయి తురుము, వేయించిన పచ్చిమిర్చి, వేడి జిలేబి. టీ అడిగితే "అడధీ?" అన్నాడు. అంటే సగం కప్పు. అల్లం ఘాటుగా తగులుతుంది, 10 రూపాయలు.

లె కార్బూజియే గీసిన మిల్ ఓనర్స్ అసోసియేషన్ భవనం 1954లో పూర్తయింది. పడమటి ముఖం రోడ్డు వైపు, తూర్పు ముఖం సబర్మతి వైపు. పడమర వైపు కాంక్రీటు పలకలని ఏటవాలుగా నిలబెట్టారు, సాయంత్రపు ఎండ లోపలికి రాకుండా. నది వైపు పలకలు గోడకి లంబంగా ఉంటాయి, గాలి లోపలికి రావడానికి. ఉత్తర దక్షిణాల గోడలు దాదాపు కిటికీ లేని ఇటుక. రోడ్డు మీంచి పొడవాటి ర్యాంపు నేరుగా మొదటి అంతస్తుకి ఎక్కుతుంది. ఇది ఇప్పటికీ ఆఫీసు. కావలి భాయ్‌తో చెప్పి, పుస్తకంలో పేరు రాసి, లోపల ఒక ముక్క అడిగితే చాలా మర్యాదగా చూడనిచ్చారు. పండగ తొందరలో కూడా ఒకాయన వెంట వచ్చి పై అంతస్తు సభామందిరం చూపించారు.

ముందు మూటలో పెద్ద దినుసే తీశాం: లాంగ్ ఎక్స్‌పోజర్, అంటే షట్టర్‌ని నిమిషాల తరబడి తెరిచి ఉంచడం. ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత), ఐఎస్ఓ 100 (సెన్సర్ సున్నితత్వం) దగ్గర మీటరు 1/250 సెకను చూపించింది. 10, 6 కలిపి 16 స్టాపులు, అంటే 65,536 రెట్లు, 262 సెకన్లు. వచ్చిన ఫొటోలో ఆకాశం ఫిల్టర్ లేని ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది. కారణం తేలికే: మబ్బు ఉంటేనే అది కదిలి చార అవుతుంది. జనవరిలో ఇక్కడ ఆకాశం రోజుల తరబడి ఖాళీ. నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లకి దక్కింది మూడే: సెన్సర్ వేడెక్కి మొలిచిన రంగు చుక్కలు, రెండు ఫిల్టర్లు కలిసి తెచ్చిన గోధుమ ఛాయ, బస్సు వెళ్లినప్పుడల్లా ట్రైపాడ్ కాళ్లు వణికి మెత్తబడ్డ అంచులు. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిజ్ రిడక్షన్ వేసి ఉంటే ఇంకో 262 సెకన్లు ఊరికే నిలబడాలి, లెన్స్ మూసుకున్నట్టు అది అంతసేపు చీకటి ఫ్రేము తీస్తుంది.

దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఆ నాలుగు నిమిషాల్లో ర్యాంపు మీద ఎక్కిన దిగిన తొమ్మిది మంది ఫొటోలో లేరు. మనిషి నడిచి ఎక్కుతుండగా భవనం కొద్దికొద్దిగా తెరుచుకోవాలనే ఆ ర్యాంపు కట్టారు. మనుషుల్ని తుడిచేస్తే అది వట్టి ఏటవాలు పలక.

ఫిల్టర్లు సంచిలో పెట్టేసి ఒంటిగంట దాకా ఆగడం మేలు. 12:48 దాకా పడమటి ముఖం మొత్తం నీడ. ఆ తర్వాత ఎండ దక్షిణం నుంచి గోడని రాసుకుంటూ మొదలవుతుంది. ఒకటింబావు, రెండుకి మధ్య కాంక్రీటు మీద పోత చెక్కల ఆనవాళ్లు లేస్తాయి: చెక్క ఈనెలు, చెక్కకీ చెక్కకీ మధ్య కారిన సిమెంటు గీత, అక్కడక్కడ మేకు తల గుంట. రెండు దాటాక ఎండ ఎదురుగా తిరిగి అదంతా చప్పబడుతుంది. ఎఫ్/8, 1/500, ట్రైపాడ్ లేకుండా. కెమెరాని మాత్రం మట్టంగా పట్టుకుని లెన్స్‌ని పైకి షిఫ్ట్ చేయాలి. కెమెరానే పైకెత్తితే నిలువు పలకలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, పలకల వాలు ఎంతో చూసేవాడికి తెలియదు.

లె కార్బూజియే భవనాలని ఎక్కువగా తీసిన లూసియెన్ ఎర్వే పద్ధతి ఇదే. 1949లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో లె కార్బూజియే భవనాన్ని ఒక్క రోజులో 650 ఫొటోలు తీసి పంపితే, అవి చూసి లె కార్బూజియే ఆయన్ని తన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. ఎర్వే నీడల్ని నల్లగా ఉంచాడు. కానీ మధ్యాహ్నపు ఎండలో, గోడకి దగ్గరగా నిలబడి, ప్రింటుని కత్తిరించి కత్తిరించి ఆ నలుపు తెచ్చాడు. ఆకాశాన్ని ఫ్రేములోకి రానిచ్చిందే తక్కువ. ఈనాటి మూడీ ఫొటో ఆయన నలుపుని తీసుకుంది, ఆయన దగ్గరితనాన్ని వదిలేసింది.

జనవరి 11: ఐఐఎం పాత క్యాంపస్

ఆటో అతను "ఐఐఎం?" అని ఖాయం చేసుకుని దింపేశాడు. తీరా చూస్తే ఎదురుగా బూడిదరంగు కాంక్రీటు. అది రోడ్డుకి ఇవతలి కొత్త క్యాంపస్. కాన్ కట్టిన ఇటుక క్యాంపస్ రోడ్డుకి అవతల ఉంది, రెంటికీ మధ్య లోపల సొరంగ దారి ఉన్నా బయటివాళ్లు చుట్టూ నడవాల్సిందే. ఎక్కేటప్పుడే "జూనూ క్యాంపస్" అని చెప్పాలి. పాత అని. అనుమతి కోసం ముందే రాసి పెట్టుకోవాలి, గేటు దగ్గరికొచ్చి అడిగితే పని కాదు. ఎక్కడెక్కడ తీయొచ్చో వాళ్లు చెప్పినంతవరకే.

కాన్ పని ఇక్కడ 1962లో మొదలైంది. 1974లో ఆయన చనిపోయేనాటికి ఇంకా నడుస్తూనే ఉంది. వచ్చినవాళ్లందరూ లైబ్రరీ ఎదుట మెట్ల మధ్యగీత మీద నిలబడి, ఎడమా కుడీ సమానంగా ఉండేలా ఒక ఫొటో తీస్తారు. తీయడం అయ్యాక బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు ఫిల్టర్ ఎఫెక్ట్ వేస్తారు. ఎందుకంటే ఎరుపు ఫిల్టర్ నీలి వెలుగుని ఆపుతుంది, ఆకాశం నల్లబడుతుంది. మూటలో రెండో దినుసు ఇది, ఫిల్మ్ రోజుల నుంచీ ఉంది.

ఈ గోడ ముందు అది ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. హాస్టళ్ల వైపు గోడలో వెడల్పాటి చదును కమాను ఒకటి ఉంది. కమాను ఇటుకలు రెండు పక్కలకీ గోడని తోస్తుంటాయి. ఆ తోపుని పట్టి ఆపడానికి కమాను కాళ్ల దగ్గర ఒక కాంక్రీటు దూలం అడ్డంగా బిగించి ఉంది, విల్లుకి నారిలాగ. ఈ క్యాంపస్ అంతటా కనిపించే మాట ఇదే: ఇటుక తోస్తుంది, కాంక్రీటు లాగి పట్టుకుంటుంది. ఇప్పుడు ఆ ఫొటోని ఎరుపు ఛానెల్‌తో, అంటే అందులోని ఎరుపు వెలుగుతోనే, బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. ఇటుక ఎర్రది కాబట్టి తేలిపోయి లేత బూడిదవుతుంది. కాంక్రీటు కూడా లేత బూడిదే. రెండూ కలిసిపోయి దూలం కనపడకుండా పోతుంది. ఆకాశం నల్లబడ్డ మాట నిజమే, కానీ గోడ ఎలా నిలబడిందో చెప్పే ఒక్క గీతా ఫొటోలోంచి మాయమైంది.

నీలి ఛానెల్‌తో చేస్తే అంతా తిరగబడుతుంది. ఇటుక నీలాన్ని చాలా తక్కువ వెనక్కి పంపుతుంది కాబట్టి గోడ దాదాపు బొగ్గు రంగుకి దిగుతుంది. దూలం తెల్లటి పట్టీలా అడ్డంగా తేలుతుంది. ఆకాశం తెల్లబడుతుంది. బరువంతా గోడలోకి వస్తుంది, ఆకాశం కాగితంలా వెనక్కి వెళ్తుంది. చూడగానే దిగులుగానే ఉంటుంది, కానీ ఆ దిగులు ఇటుకది.

చేసే పద్ధతి: తీసేటప్పుడు ఐఎస్ఓ కనిష్ఠంలో పెట్టి, హైలైట్లు (బాగా వెలిగే చోట్లు) పోకుండా చూసుకుంటూ 2/3 స్టాపు ఎక్కువ ఇవ్వాలి. నీలి ఛానెల్లో నాయిజ్ ఎక్కువ, వెలుగు తక్కువ పడితే నీడల్లో ఇసుక చల్లినట్టు వస్తుంది. తర్వాత ఛానెల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ ఎంచుకుని ఎరుపు 0, ఆకుపచ్చ 30, నీలం 70 దగ్గర మొదలుపెట్టాలి. నీలం 100 పెడితే ఇటుకల మధ్య సున్నపు గీతలు మరీ తెల్లబడి గోడ వలలాగ అవుతుంది. రంగుల స్లైడర్లతో ఇదే చేయబోతే ఇటుకకీ ఆకాశానికీ మధ్య తెల్లటి అంచు లేస్తుంది, నల్ల ఆకాశం ఫొటోల్లో కూడా తరచు కనిపించే రోగమే అది. ఆ రంగుల స్లైడర్లని మరీ ఎక్కువ జరపకుండా ఉంటే అది తగ్గుతుంది.

మధ్యాహ్నం భోజనం గుజరాతీ థాలీ, 350 రూపాయలు. పప్పులో బెల్లం పడ్డ తీపి తెలుగు నాలుకకి మొదటి రెండు ముద్దలు కొత్తగా ఉంటుంది. పండగ కాబట్టి ఉంధియూ పెట్టారు: చిక్కుడు, ఊదారంగు కంద, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు, కొబ్బరి, పచ్చి వెల్లుల్లి. చిలగడదుంప ఏదో వంకాయ ఏదో తెలియకుండా ఉడికిపోలేదు, ముక్కకి ముక్క రుచి వేరుగా తెలుస్తుంది. వడ్డించే కాకా కంచం ఖాళీ అవనివ్వడు. చాలంటే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాలి, నోటితో అంటే వినరు.

సాయంత్రం తిరిగి వస్తుంటే రోడ్డు పొడవునా దారానికి రంగు పట్టిస్తున్నారు. రెండు గుంజల మధ్య తెల్లదారం వరసలు వరసలుగా లాగి కట్టి, గులాబీ రంగు ముద్దని పిడికిట్లో పట్టి దారం వెంబడి నడుస్తారు. ముద్దలో గాజుపొడి ఉంటుంది, అందుకే వేళ్లకి పట్టీలు. పిడికిలి వెళ్లిన మేర తెల్లదారం గులాబీ అవుతుంది. స్కూటర్లకి ముందు ఇనప కమ్మీని కమానులా వంచి బిగించుకున్నారు, తెగిన దారం మెడకి తగలకుండా. దారాన్ని తీయాలంటే వెలుగుకి ఎదురుగా నిలబడి 1/250కి తగ్గకుండా తీయాలి, గాలికి అది ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది.

జనవరి 12: అడాలజ్

ఊరికి ఉత్తరాన 18 కిలోమీటర్లు. ఆటో రానూపోనూ, అక్కడ రెండు గంటలు ఆగడానికి కలిపి 700కి కుదిరింది. ఆటో భాయ్‌కి ఇంట్లో పిల్లలకి ఫిర్కీలు (గాలిపటం దారం చుట్టేవి) కొనే పని ఉంది, దారిలో పది నిమిషాలు ఆగాడు.

మెట్లబావి శాసనం 1499 నాటిది. ఐదు అంతస్తులు భూమిలోకి దిగుతుంది. దక్షిణం నుంచి మెట్లు, ఉత్తరం కొసన బావి. పురావస్తు శాఖ కట్టడం కాబట్టి ముందే అనుమతి లేకపోతే ట్రైపాడ్ కుదరదు. ఇక్కడ మూట దానంతటదే సగం ఖాళీ అవుతుంది: ట్రైపాడ్ లేదు, నిమిషాల ఎక్స్‌పోజర్ లేదు, కింద నిలబడితే ఆకాశమే సరిగ్గా లేదు. ఎనిమిది పలకల రంధ్రంలోంచి కనిపించే ఒక ముక్క తప్ప. అందరూ తీసేది కూడా ఆ ముక్కనే, కిందినుంచి వైడ్ లెన్స్‌ని నిట్టనిలువుగా పైకి పెట్టి. ఆ ఫొటోలో లోతు ఉండదు. అంతస్తులన్నీ ఒకదానిలో ఒకటి దూరి గాజుల బొత్తిలా కనిపిస్తాయి.

ఆకాశం లేకుండా కట్టడం బరువుని చూపించిన ఫొటో ఎప్పుడో ఉంది. ఫ్రెడరిక్ ఇవాన్స్ 1903లో ఇంగ్లండ్‌లోని వెల్స్ కేథడ్రల్‌లో అరిగిన రాతి మెట్లని తీశాడు. అందులో మబ్బు లేదు, మనిషి లేడు. పాదాలు అరగదీసిన అంచుల మీద కిటికీ వెలుగు ఉంది, అంతే. అడాలజ్‌లో కూడా మెట్లే వెలుగుని కొలుస్తాయి. పైన ఎండ పడ్డ రాయికీ నాలుగో అంతస్తు గోడకీ మధ్య మా మీటరులో 9 స్టాపుల తేడా. దిగేకొద్దీ చల్లబడటం ఒంటికి తెలుస్తుంది, వెలుగు తగ్గడం కంటికి తెలియదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటూ పోతుంది. ఫొటోలో చూపించాల్సింది ఆ తగ్గుదలనే.

వేర్వేరు ఎక్స్‌పోజర్లతో ఐదు ఫ్రేములు తీసి ఒక్కటిగా, హెచ్‌డీఆర్ అనే పద్ధతిలో, కలిపితే సరిగ్గా అదే పోతుంది. అడుగు అంతస్తు కూడా పై మెట్టులా వెలుగుతుంది, రాయంతా ప్లాస్టిక్ అయిపోతుంది. ఒకే ఫ్రేము చాలు. రెండో అంతస్తు స్తంభానికి భుజం ఆనించి, ఎఫ్/4, ఐఎస్ఓ 800, 1/30, 50 ఎంఎం. కెమెరాని కిందికి వంచకుండా మట్టంగా పట్టుకుని, స్తంభాల వరసలోంచి చూడాలి. పై వెలుగు కొద్దిగా తెల్లగా పోతే పోనివ్వండి, అది ఫ్రేములో పదో వంతు దాటకపోతే కన్ను దాని మీద ఆగదు. నల్లని చోట్లని తర్వాత ఎడిటింగ్‌లో వెలిగించకండి.

ఇక్కడ బ్లాక్ అండ్ వైట్ కూడా వద్దనిపించింది. రాయి పసుపు కలిసిన గోధుమ. ఎండ తగిలిన చోటునుంచి గోడలకి తగిలి తిరిగే వెలుగు వెచ్చగా వస్తుంది, పైరంధ్రంలోంచి నేరుగా దిగే ఆకాశపు వెలుగు నీలంగా వస్తుంది. మూడో అంతస్తు స్తంభానికి ఒక పక్క తేనెరంగు, రెండో పక్క ఉక్కురంగు. మూడు లోతులు దిగాక గెలిచేది నీలం. ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫ్రేములోనూ ఈ రెండింటినీ సర్దేసి బూడిద చేస్తుంది. 5200 కెల్విన్‌కి బిగించేస్తే అంతస్తు అంతస్తుకీ రంగు ఎలా మారిందో ఫొటోల్లో ఉంటుంది. మూడీ అంటే రంగు తీసేయడమే అని ఎవరైనా అంటే వాళ్లని ఈ స్తంభం దగ్గరికి తీసుకురావాలి.

పదిన్నర దాటితే బస్సుల్లో జనం దిగుతారు. ఎనిమిదిన్నరకల్లా ఉండాలి.

జనవరి 13: సర్ఖేజ్ రోజా, రాత్రి మాణెక్ చౌక్

మూటలో మిగిలింది ఒంటరి మనిషి. భవనం ఎంత పెద్దదో చెప్పడానికి మనిషిని పెట్టడం పాత పద్ధతి, మంచి పద్ధతి. కానీ ఆ మనిషి ఎప్పుడూ వీపు చూపించి, ఎప్పుడూ కింద మూడో వంతులో, ఎప్పుడూ ఒంటరిగా ఉండాలని ఎవరు చెప్పారు? సర్ఖేజ్ చెరువుగట్టు మెట్ల మీద పొద్దున తొమ్మిదింటికి కనీసం అరవై మంది ఉన్నారు. దర్గాకి వచ్చిన కుటుంబాలు, ఎండ కాచుకుంటున్న ముసలివాళ్లు, గాలిపటాలతో పిల్లలు. ఖాళీ అయ్యేదాకా కాచుకుని ఒకణ్ని పట్టుకుంటే, ఆ చోటు ఎన్నడూ లేనట్టుగా ఉన్న ఫొటో వస్తుంది.

చెప్పులు బయట, తలకి రుమాలు. స్తంభాల మండపంలో ప్రార్థన జరుగుతుంటే ఎదురుగా నిలబడకూడదు. ఒక చాచా పిలిచి, ఏ వైపు నిలబడితే ఎవరికీ అడ్డం కాదో చూపించి, రేవడీలు (నువ్వుల మిఠాయి బిళ్లలు) చేతిలో పెట్టారు. ఆయన చూపించిన చోటే మంచి చోటు కూడా. స్తంభాల వరస అక్కణ్నుంచి ఐమూలగా కనిపిస్తుంది, జాలీలోంచి (చిల్లుల రాతి తెరలోంచి) పడ్డ వెలుగు నేల మీద చదరాలు చదరాలుగా పరుచుకుని, కూర్చున్న వాళ్ల భుజాల మీద వంగుతుంది. జాలీ వెలుగుకి ఎక్స్‌పోజర్ పెట్టుకుని, మనుషుల్ని వాళ్ల నీడల్లోనే ఉండనివ్వాలి. 1/60 చాలు. కూర్చున్నవాళ్లు నిలుస్తారు, నడిచేవాళ్లు కాస్త చెదురుతారు.

బయట గుమ్మటాల మీద గాలిపటాలు. "అంకుల్, మాది తీయండి, పచ్చది" అని ఒక పిల్లాడు వెంటపడ్డాడు. మూడు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఒక్క గాలిపటం కూడా పడదు, ఆ వారం ఆ ఊరి ఆకాశంలో ఉన్నది మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. 1/1000 పెడితే గాలిపటం రాయిలా నిలబడిపోతుంది. 1/125, 1/250 మధ్య తోక మాత్రం కొంచెం చెదిరి, కాగితం స్పష్టంగా ఉంటుంది. గుమ్మటం ఫ్రేములో మూడు వంతులు, పైన ఆకాశం ఒక వంతు, లేత బూడిదలో. ఆకాశాన్ని ఏ మాత్రం నలుపు చేసినా పచ్చ గాలిపటం అందులో కలిసిపోతుంది.

రాత్రి మాణెక్ చౌక్. పగలు నగల కొట్లు, అవి మూసేశాక అదే చోట తిండి బండ్లు. ఘూఘ్రా సాండ్‌విచ్ 120 రూపాయలు, పైన చీజ్ కొండలా తురుముతారు, ఇద్దరికి సరిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక బండివాళ్లందరూ మెనూలతో చుట్టుముడతారు. ఒకరి దగ్గర కూర్చుని పక్కవాళ్ల దగ్గర తెప్పించుకోవచ్చు, కానీ నీళ్ల సీసా మాత్రం కుర్చీ ఎవరిదో వాళ్ల దగ్గరే కొనాలి, అది అక్కడి మర్యాద.

ఇంటికొచ్చి ఫైళ్లు పెద్ద తెర మీద చూస్తుంటే సర్ఖేజ్ గుమ్మటం ఫొటోలో కుడి పై మూలన ఒక చుక్క. సెన్సర్ మీద దుమ్ము అనుకుని చెయ్యి అలవాటుగా మచ్చలు తుడిచే బ్రష్ మీదికి వెళ్తుంది. నూరు శాతానికి పెంచితే అందులో సన్నటి వెదురు ఈన అడ్డంగా, ఇంకోటి నిలువుగా కనిపించాయి. పచ్చది కాదు, ఆ పిల్లాడిది కాదు, ఇంకెవరిదో. చుక్కని అలాగే ఉంచి ఫైలు ప్రింటుకి వెళ్లింది.